సింగపూర్‌ను పేటపేటా తిరిగి, పండగ వెంట నడిచి చూడటం ఎలా: ఒక సమగ్ర మార్గదర్శి

సింగపూర్ చైనాటౌన్‌లో పగోడా స్ట్రీట్ అని ఒక వీధి ఉంది. పేరు వినగానే అక్కడేదో బౌద్ధ పగోడా ఉంటుందనుకుని వెతుకుతాం. ఉండదు. వీధి చివర నిలబడి తలెత్తితే కనిపించేది మారియమ్మన్ గుడి గాలిగోపురం. అప్పట్లో దాన్నే పగోడా అన్నారు. పక్కనున్న టెంపుల్ స్ట్రీట్‌కు పేరు వచ్చింది కూడా ఈ గుడివల్లే. అవతల ఉన్నది మాస్క్ స్ట్రీట్, దానికి జామే మసీదు పేరు పెట్టారు. అంటే చైనాటౌన్ నడిబొడ్డున మూడు వీధులకు పేరిచ్చినవి తమిళ హిందువులు కట్టుకున్న గుడి, తమిళ ముస్లింలు కట్టుకున్న మసీదు.

చాలామంది చైనాటౌన్‌లో ఒక ఫొటో, లిటిల్ ఇండియాలో ఒకటి, మలయ్‌ల పేట కంపాంగ్ గ్లామ్‌లో ఒకటి తీసుకుని, మూడు జాతుల్నీ చూసేశామనుకుని వచ్చేస్తారు. నా లెక్కలో ఆ నగరం అలా అర్థం కాదు. ప్రతి పేటలోనూ ఆ పేట పేరుకు పొసగనిది ఏముందో వెతకండి. అది ఎందుకు అక్కడుందో తెలుసుకుంటే ఊరి కథ దానంతటదే విప్పుకుంటుంది. ఈ మార్గదర్శి మొత్తం ఆ పద్ధతి మీదే రాశాను.

మొదటి అడుగు: టికెట్ కంటే ముందు పంచాంగం

పేటలు ఏడాది పొడుగునా ఉంటాయి, పండగలు ఉండవు. అందుకే ముందు పండగను ఎంచుకుని, ఆ తర్వాత టికెట్ కొనండి. ప్రభుత్వ సెలవుల జాబితాను అక్కడి మానవ వనరుల మంత్రిత్వ శాఖ ముందుగానే ప్రకటిస్తుంది. ఏడాదికి 11 సెలవులు. దీపావళి, వేసాక్ (బుద్ధ పూర్ణిమ), హరి రాయ పండగలు (రంజాన్, బక్రీద్) రెండూ, చైనీయుల కొత్త సంవత్సరం, క్రిస్మస్ అందులో ఉంటాయి. మురుగన్‌కు కావడులు ఎత్తే తైపూసం మాత్రం ఉండదు. ఒకప్పుడు ఉండేది, 1968 సెలవుల చట్టంతో పోయింది. కాబట్టి ఆ జాబితా ఒక్కటే నమ్ముకుంటే ఏడాదిలో అతి పెద్ద ఊరేగింపుల్లో ఒకటి మీకు తెలియకుండానే దాటిపోతుంది.

పంచాంగం చూసే అలవాటున్నవాళ్లకు ఇక్కడొక సౌకర్యం ఉంది. తైపూసం సంక్రాంతి తర్వాత వచ్చే పౌర్ణమి దగ్గర పడుతుంది. చైనీయుల కొత్త సంవత్సరం జనవరి 21కీ ఫిబ్రవరి 20కీ మధ్య, అమావాస్య నాటి నుంచి మొదలవుతుంది. అంటే రెండింటికీ ఎడం సుమారు పక్షం రోజులు. ఏది ముందొస్తుందన్నది ఏడాదిని బట్టి మారుతుంది. జనవరి నడుమ వెళ్తే లిటిల్ ఇండియాలో పొంగల్ సందడి కూడా దొరుకుతుంది. ఒకే ప్రయాణంలో ఎక్కువ చూడాలనుకునేవారికి ఇంతకంటే మంచి కాలం లేదని నా అభిప్రాయం.

రెండో మంచి కాలం అక్టోబర్, నవంబర్ నెలలు. దీపావళి దీపాలు, దానికి ముందు నిప్పుల గుండం తొక్కే తీమితి, చైనీయుల తొమ్మిదో నెల తొలి తొమ్మిది రోజుల్లో జరిగే తొమ్మిది చక్రవర్తి దేవతల పండగ అప్పుడే వస్తాయి. అధికమాసాల తేడా పడని ఏళ్లలో ఆ తొమ్మిది రోజులూ మన దేవీ నవరాత్రులతో కలిసి నడుస్తాయి. రంజాన్ నెల ఏటా పది, పదకొండు రోజులు ముందే వస్తుంది కనుక దాన్ని ఏ సంవత్సరానికి ఆ సంవత్సరం చూసుకోవాలి.

ఒక మాట బాగా గుర్తుంచుకోండి. వీధి సందడి పండగ రోజున కాదు, పండగ ముందు రోజుల్లో ఉంటుంది. చైనీయుల కొత్త సంవత్సరం నాడు చైనాటౌన్‌లో చాలా దుకాణాలు మూసి ఉంటాయి, జనం ఇళ్లలో చుట్టాల మధ్య ఉంటారు. తోరణాలు, తినుబండారాల అంగళ్లు, తోసుకునే జనం అన్నీ ముందు వారాల్లోనే, ముఖ్యంగా ముందు రాత్రి. మలయ్‌ల పేట గేలాంగ్ సెరాయ్‌లో రంజాన్ అంగడి కూడా అంతే, ఉపవాస మాసమంతా కిటకిటలాడి హరి రాయ నాటికి సర్దుకుంటుంది. తైపూసం, తీమితి వంటి గుడి పండగలకు మాత్రం అసలు రోజునే ఉండాలి.

రెండో అడుగు: 1822 నాటి పటం ఒకసారి చూడండి

1819లో స్టామ్‌ఫర్డ్ రాఫెల్స్ ఇక్కడ ఈస్ట్ ఇండియా కంపెనీ వర్తక స్థావరం పెట్టాడు. మూడేళ్లకు, 1822లో, లెఫ్టినెంట్ ఫిలిప్ జాక్సన్ ఊరి పటం గీశాడు. నదికి నైరుతిన చైనీయులు, నది పైభాగాన చులియాలు, ఈశాన్యాన అరబ్బులు, సులవేసి దీవికి చెందిన బుగిస్‌లు, మధ్యలో యూరోపియన్లు, ఇలా ఎవరికి వారికి వాడలు కేటాయించారు. నేటి చైనాటౌన్, కంపాంగ్ గ్లామ్ ఆ గీతల సంతానమే.

చులియాలంటే కోరమాండల్ తీరం నుంచి వెళ్లిన తమిళ ముస్లింలు. వాళ్ల వాడ ఇప్పుడు లేదు. బ్యాంకుల ఆకాశహర్మ్యాల మధ్య చులియా స్ట్రీట్ అన్న పేరు మిగిలింది. ఆ వీధికి అంతకు ముందున్న పేరు క్లింగ్ స్ట్రీట్. మలయ్ ప్రాంతంలో దక్షిణ భారతీయులందరినీ ఒకప్పుడు క్లింగ్ అనేవారు. అది కళింగ నుంచి వచ్చిన మాట. తర్వాత్తర్వాత అవమానకరంగా మారడంతో వాడుకలోంచి తప్పించారు. మన తూర్పు తీరం పేరు అంత దూరంలో ఒక వీధికి ఉండేదని తెలిస్తే, పటంలో ఆ చిన్న గీతను వేలితో తడమాలనిపిస్తుంది.

లిటిల్ ఇండియా ఆ పటంలో లేదు. పశువుల వ్యాపారం చుట్టూ తర్వాత పుట్టిన పేట అది. అందుకే అక్కడ బఫెలో రోడ్ ఉంది, దానికి దగ్గర్లోనే కెర్బావ్ రోడ్ కూడా ఉంది. మలయ్‌లో కెర్బావ్ అన్నా గేదె అనే అర్థం.

మూడో అడుగు: తెలోక్ అయర్ నుంచి సౌత్ బ్రిడ్జ్ రోడ్ దాకా

ఒక్క ఉదయమే ఖాళీ ఉంటే ఈ నడకనే ఎంచుకోండి. తెలోక్ అయర్ ఎమ్మార్టీ (మెట్రో రైలు) స్టేషన్‌లో దిగి అదే పేరున్న వీధిలోకి రండి. ఇప్పుడు సముద్రం కనుచూపుమేరలో లేదు కానీ, పందొమ్మిదో శతాబ్దం చివర్లో మట్టి పోసి నేలను పెంచకముందు అలలు ఈ వీధి అంచునే తాకేవి. ఓడ దిగినవాడు ముందు కాలుపెట్టింది ఇక్కడ. ప్రాణాలతో ఒడ్డుకు చేరినందుకు దణ్ణం పెట్టుకున్నదీ ఇక్కడే. అందుకే ఒకే వీధిలో ఇన్ని ప్రార్థనా స్థలాలు.

ముందు ఫుక్ తక్ చి చూడండి. 1824లో మొదలైన ఈ గుడి హక్కా, కాంటనీస్ భాషలు మాట్లాడే చైనీయ వలసదారులది, ఇప్పుడు చిన్న మ్యూజియం. కాస్త ముందుకు నడిస్తే నాగూర్ దర్గా, 1828–30 మధ్య కట్టారు. తమిళనాడులోని నాగూరు షాహుల్ హమీద్ వలీ పేరున వెలిసిన ఈ కట్టడంలో ఇప్పుడు భారతీయ ముస్లింల వారసత్వ కేంద్రం నడుస్తోంది. తర్వాత తియాన్ హాక్ కెంగ్. హోక్కియెన్ చైనీయులు 1839–42లో సముద్ర దేవత మాజుకు కట్టిన ఈ గుడిలో దూలాలను మేకులు లేకుండా కూర్చారు. మరికొంత ముందుకెళ్తే అల్ అబ్రార్ మసీదు. తొలినాళ్లలో అది ఉత్త పాక, తమిళులు కుచ్చు పళ్లి అనేవారు, గుడిసె మసీదు అని అర్థం.

ఇవన్నీ చూశాక ఒక ప్రశ్న వేసుకోండి: ‘చైనీయులు’ అన్న ఒక్క మాటలో ఎంతమంది ఉన్నారు? తెలోక్ అయర్ వైపు హోక్కియెన్‌లు, గుట్ట దాటితే కాంటనీస్‌లు, నది ఒడ్డున తియోచూలు. ఒకరి మాట ఒకరికి అర్థమయ్యేది కాదు. ఎవరి దేవుళ్లు వారివి, ఎవరి సంఘాలు వారివి. గుడి గడపలో నిలబడి ‘ఇది ఎవరిది’ అని అడిగితే ‘చైనీయులది’ అన్న జవాబుతో ఆగకండి, ఏ ఊరివాళ్లది, ఏ భాషవాళ్లది అని అడగండి. భారతీయుల విషయంలోనూ అంతే.

ఇప్పుడు యాన్ సియాంగ్ గుట్ట మీదుగా సౌత్ బ్రిడ్జ్ రోడ్ చేరుకోండి. ఈ పేటకు చైనీయులు పెట్టుకున్న పేరుకు అర్థం ఎద్దుబండి నీళ్లు. మలయ్‌లో క్రెతా అయర్ అన్నా నీళ్ల బండే. బావినీళ్లను ఎద్దుబండ్ల మీద తెచ్చి పోసిన కాలం నాటి పేరది. మారియమ్మన్ గుడి 1827 నాటిది, నగరంలో అన్నిటికంటే పాత హిందూ దేవాలయం. రాఫెల్స్‌తో పాటు 1819లో పినాంగ్ నుంచి వచ్చిన నారాయణ పిళ్ళై దీన్ని స్థాపించాడు. మొదట తెలోక్ అయర్‌లోనే స్థలం చూపించారట గానీ, పూజకు మంచినీళ్లు లేక ఇటు వచ్చారు. దాదాపు పక్కనే 1826లో మొదలైన జామే మసీదు. రెండింటికీ మధ్య నడక ఒక నిమిషం.

నాలుగో అడుగు: లిటిల్ ఇండియాలో మనది కానిది వెతకండి

తెలుగువాళ్లు ఇక్కడ చేసే పొరపాటు ఒకటే. మల్లెపూలు, ఇడ్లీ, తమిళ పాటలు కనిపించగానే ‘మన ఊరిలాగే ఉందే’ అని ఆగిపోతాం. అక్కడి నుంచే అసలు చూడటం మొదలవ్వాలి.

టెక్కా సెంటర్‌తో మొదలుపెట్టండి. కింద కూరగాయలు, చేపలు, తినుబండారాలు, పైన బట్టలు. ఆ పేరు తమిళం కాదు, చిన్న వెదుళ్ల మొదలు అనే అర్థమున్న హోక్కియెన్ మాట నుంచి వచ్చింది. రోడ్డు దాటి కెర్బావ్ రోడ్‌లోకి వెళ్తే రంగురంగుల తలుపుల ఇల్లు ఒకటి ఉంటుంది. అందరూ దాని ముందు ఫొటో దిగుతారు. అది తాన్ తెంగ్ నియా అనే చైనీయ వ్యాపారి 1900లో కట్టిన భవంతి. లిటిల్ ఇండియాలో మిగిలిన చివరి చైనీయ విల్లా. డన్లప్ స్ట్రీట్‌లో అబ్దుల్ గఫూర్ మసీదు ద్వారం పైకి చూడండి, సూర్యబింబంలాంటి అలంకారంలో 25 కిరణాలు, వాటిలో 25 మంది ప్రవక్తల పేర్లు అరబ్బీ లిపిలో ఉంటాయి. క్యాంప్‌బెల్ లేన్‌లో 2015లో తెరిచిన ఇండియన్ హెరిటేజ్ సెంటర్‌కు గంటన్నర ఇవ్వండి.

శెరంగూన్ రోడ్ వెంట ఉత్తరంగా నడిస్తే 1855 నాటి శ్రీనివాస పెరుమాళ్ గుడి వస్తుంది. మొదట్లో ఇది నరసింహ పెరుమాళ్ కోవెల. వెనకవైపు రేస్ కోర్స్ రోడ్‌లో శాక్యముని బుద్ధగయ ఆలయం ఉంది, ఫరర్ పార్క్ స్టేషన్‌కు దగ్గర. తమిళం ఇక్కడ అధికార భాష కాబట్టి బోర్డుల మీద తెలుగు కనపడదు. అయితే సింగపూర్ తెలుగు సమాజం 1975 నుంచి ఉంది. ఉగాది సమయంలో వెళ్తున్నట్టయితే వాళ్ల కార్యక్రమాలు ముందే కనుక్కోండి.

ఆదివారం సాయంత్రం ఈ పేట వలస కార్మికులది. బంగ్లాదేశ్, తమిళనాడు, ఆంధ్ర, తెలంగాణ నుంచి వెళ్లినవాళ్లు వారానికి ఒకసారి కలుసుకునే చోటు. రద్దీ అని తప్పించుకోకండి, ఈ పేటను ఇవాళ బతికిస్తున్నది వాళ్లే. వాళ్ల ఫొటోలు మాత్రం అడగకుండా తీయకండి. రాత్రి 10:30 నుంచి ఉదయం 7 దాకా బహిరంగ ప్రదేశాల్లో మద్యం తాగడం దేశమంతటా నిషేధం. ఇక్కడ శని, ఆదివారాల్లో ఆంక్షలు ఇంకా గట్టివి.

ఐదో అడుగు: కంపాంగ్ గ్లామ్, వాటర్లూ స్ట్రీట్

బుగిస్ స్టేషన్ నుంచి రెండూ నడిచే దూరమే. గెలాం అనే చెట్టు పేరున వెలిసిన ఈ కంపాంగ్ (మలయ్‌లో పల్లె) జొహోర్ సుల్తాన్ హుసేన్ షాకు కేటాయించిన నేల. ఆయన వంశీకుల భవనం ఇప్పుడు మలయ్ హెరిటేజ్ సెంటర్. సుల్తాన్ మసీదు దగ్గర బంగారు గుమ్మటం అడుగున నల్లటి పట్టీని పరిశీలనగా చూడండి. అది గాజుసీసాల అడుగులతో చేసినది. ధనవంతులే కాక పేదవాళ్లు కూడా తమ వంతు ఇచ్చినట్టు ఉండాలని వాళ్ల దగ్గర సీసాలు సేకరించి పొదిగారు. ఈ ఊళ్లో నన్ను అన్నిటికంటే ఎక్కువ కదిలించినది ఆ పట్టీయే. బీచ్ రోడ్‌లో హజ్జా ఫాతిమా మసీదు 1846 నాటిది, ఒక మహిళా వర్తకురాలి పేరున ఉంది. మినారు ఒకవైపు ఒరిగి ఉంటుంది.

వాటర్లూ స్ట్రీట్‌లో శ్రీకృష్ణుడి గుడి, దాని పక్కనే కరుణామూర్తి క్వాన్ ఇమ్ గుడి. క్వాన్ ఇమ్‌కు మొక్కి బయటికొచ్చిన చైనీయ భక్తులు అదే అగరుబత్తులతో కృష్ణుడి ముందు కూడా నిలబడతారు. పావుగంట ఊరికే నిలబడి చూడండి. అదే వీధిలో 1878 నాటి యూదుల ప్రార్థనా మందిరం మఘైన్ అబోత్ ఉంది.

ఆరో అడుగు: తూర్పు వైపు ఒక పూట

పాయా లెబార్ స్టేషన్‌లో దిగితే గేలాంగ్ సెరాయ్, అక్కడి నుంచి జూ చియాట్, కటోంగ్. గేలాంగ్ సెరాయ్ మలయ్‌లది, మిగతా రెండూ పెరనాకన్‌ల, యురేషియన్ల (యూరప్, ఆసియా మిశ్రమ సంతతివారి) పేటలు. వలస వచ్చినవారికీ స్థానిక స్త్రీలకూ పుట్టిన సంతతే పెరనాకన్‌లు. చైనీయ పెరనాకన్‌లు ఎక్కువమందికి తెలుసు. మలక్కా చెట్టిలు అని మలయ్ మాట్లాడే హిందూ పెరనాకన్‌లు కూడా ఉన్నారు. కూన్ సెంగ్ రోడ్‌లో పూల పలకల ఇళ్ల వరసలు చూసి, సిలోన్ రోడ్‌లో శ్రీలంక తమిళుల సెన్పగ వినాయగర్ గుడికి వెళ్లండి. పెరనాకన్ మ్యూజియం మాత్రం ఇక్కడ కాదు, ఊరి మధ్య ఆర్మీనియన్ స్ట్రీట్‌లో ఉంది.

ఏడో అడుగు: ఊరేగింపు వెంట నడవండి

తైపూసం ముందు రోజు మురుగన్ వెండి రథం ట్యాంక్ రోడ్‌లోని చెట్టియార్ల దండాయుధపాణి గుడి నుంచి చైనాటౌన్‌లోని లయన్ సిద్ధి వినాయగర్ గుడికి వెళ్లి తిరిగొస్తుంది. లయన్ అంటే సింహం కాదు, సిపాయిల ‘లైన్స్’. ఆ అర్ధరాత్రి ముందు నుంచే పెరుమాళ్ గుడిలో భక్తులు పాలకుండలు, కావడులు ఎత్తుకుని బయల్దేరతారు. విష్ణువు గుడిలో మొదలైన మొక్కు మురుగన్ పాదాల దగ్గర తీరుతుంది. దూరం మూడు, నాలుగు కిలోమీటర్లు.

ఒకేచోట నిలబడి చూడొద్దు. తెల్లవారుజామున పెరుమాళ్ గుడి దగ్గర కావడి కట్టడం చూడండి. కుటుంబమంతా చుట్టూ చేరి, ఒకరు శూలం గుచ్చుతుంటే మిగిలినవాళ్లు వేల్ వేల్ అని పాడుతుంటారు. తర్వాత ఒక్క కావడిని ఎంచుకుని, కాస్త ఎడంగా, దాని వెంటే ట్యాంక్ రోడ్ దాకా నడవండి. దారిలో అతను ఎక్కడ ఆగుతాడు, ఎవరు కాళ్ల మీద నీళ్లు పోస్తారు, అలసినప్పుడు ఎవరు పాట అందుకుంటారు అన్నవన్నీ అప్పుడే కనిపిస్తాయి. భక్తుల్లో చైనీయులు కూడా కనిపిస్తారు. దారికి అడ్డం నిలబడొద్దు, మొహం మీదికి కెమెరా పెట్టొద్దు.

దీపావళికి ముందు జరిగే తీమితిలో కూడా పెరుమాళ్ గుడి నుంచే ఊరేగింపు బయల్దేరుతుంది, ఈసారి చేరేది చైనాటౌన్ మారియమ్మన్ గుడికి. అక్కడ ద్రౌపదమ్మ పేరున గుండం తొక్కుతారు. మూడో అడుగులో మీరు నడిచిన వీధి ఆ రాత్రి ఎలా మారిపోతుందో చూడండి.

గడప దగ్గర పాటించాల్సినవి

హిందూ గుళ్లలో, మసీదుల్లో చెప్పులు బయటే. చైనీయ గుళ్లలో విప్పక్కర్లేదు కానీ ఎత్తైన గడపను తొక్కకుండా దాటాలి. మసీదుకు నమాజు లేని వేళల్లో వెళ్లండి, శుక్రవారం మధ్యాహ్నం వద్దు. చైనీయుల ఏడో నెలలో, అంటే ఆకలిగొన్న ఆత్మల మాసంలో, కాలిబాట పక్కన పెట్టిన నైవేద్యాలను తొక్కకండి. అప్పుడు మైదానాల్లో జరిగే గెతాయ్ పాటల కచేరీల్లో ముందు వరస కుర్చీలు ఖాళీగా కనిపిస్తాయి. అవి ఆ ఆత్మలకు, కూర్చోకండి. కొత్త సంవత్సరానికి చైనీయుల ఇంటికి పిలుపొస్తే రెండు కమలాపళ్లు చేత్తో పట్టుకెళ్లాలి. హాకర్ సెంటర్లో, అంటే తినుబండారాల అంగళ్లన్నీ ఒకేచోట ఉండే శాలలో, తిన్న ట్రే మీరే తీసి పెట్టాలి, హలాల్ ట్రేల చోటు వేరుగా ఉంటే అందులోనే. ఎమ్మార్టీలో తింటే, తాగితే 500 సింగపూర్ డాలర్ల దాకా జరిమానా.

చివరి అడుగు: పేటలు దాటి ఇళ్లకు

ఇప్పటిదాకా చూసిన చైనాటౌన్, లిటిల్ ఇండియా, కంపాంగ్ గ్లామ్‌లను 1989లో వారసత్వ పరిరక్షణ ప్రాంతాలుగా ప్రకటించారు. అదే ఏడాది ప్రభుత్వ ఫ్లాట్లలో జాతుల వాటా విధానం వచ్చింది. ఏ బ్లాకులోనూ ఒకే జాతివాళ్లు గుమిగూడకుండా పరిమితి పెట్టారు. జనాభాలో అత్యధికులు ఆ ఫ్లాట్లలోనే ఉంటారు కనుక అసలు మనుషులు అక్కడే ఉన్నారు, పేటల్లో కాదు. 2020 లెక్కల్లో స్థిరనివాసుల్లో చైనీయులు 74.3 శాతం, మలయ్‌లు 13.5, భారతీయులు 9. ఈ విధానాన్ని మెచ్చుకునేవాళ్లూ ఉన్నారు, ఇల్లు అమ్ముకోబోతే కొనేవాళ్ల జాతి చూడాల్సి రావడంతో ఇబ్బందిపడేవాళ్లూ ఉన్నారు.

అందుకే ఒక శనివారం తోవా పాయో, తాంపినీస్ లాంటి చోటికి వెళ్లి బ్లాకుల కింద నడవండి. కింది అంతస్తులో వాయిడ్ డెక్ అనే ఖాళీ స్థలంలో ఒకచోట మలయ్ పెళ్లి, మరోచోట చైనీయుల అంత్యక్రియల పందిరి కనిపించవచ్చు.

అక్కడి నుంచి పాసిర్ రిస్ వైపు బస్సెక్కి లోయాంగ్ తువా పెక్ కాంగ్ గుడికి వెళ్లండి. చైనీయుల గుడి, లోపల వినాయకుడి సన్నిధి, ఇంకోపక్క డాటుక్ అనే మలయ్ పుణ్యపురుషుడికి మొక్కే చోటు. మొక్కేవాళ్లు ఎక్కువమంది చైనీయులే, కానీ డాటుక్ ముస్లిం కనుక ఆయన ముందుకు పంది మాంసం తేరు.